పొలంలోకి వినపడే బడి

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచరమ్మాయిలు కొందరు అప్పుడప్పుడు బందరులో మా ఇంటికి వస్తుంటారు. శిక్షణలో ఇచ్చిన రంగురంగుల అట్టముక్కలు, పూసలచట్రాలు, ప్లాస్టిక్ అంకెలు సంచిలోంచి తీసి నాకు చూపిస్తారు. మీ రోజుల్లో ఇలాంటివి ఉండేవా టీచరుగారూ అని కాస్త జాలిగా అడుగుతారు. ఉండేవి. చింతపిక్కలు, ఈనెపుల్లలు, సోడామూతలు, బంకమట్టి. ఒకటి రెండు తరగతులకే పాతికేళ్ళకు పైగా చెప్పినదాన్ని, చేత్తో పట్టుకోనిదేదీ ఆ వయసు పిల్లల బుర్రకి ఎక్కదని నాకూ తెలుసు. అందుకని వాళ్ళకి నా గొప్పలు చెప్పను. ఆ చింతపిక్కలతోనే నేను చేసిన ఒక తప్పు సంగతి చెబుతాను. మీకూ అదే చెబుతున్నాను.

తొంభైల మధ్యలో నన్ను దివిసీమలో ఒక చిన్న ఊరికి వేశారు. అవనిగడ్డలో బస్సు మారి, ఆ బస్సు దింపిన చోటు నుంచి కాలవ గట్టు మీద పావుగంట నడవాలి. బడి అంటే రెండు గదులు, ఒక వరండా. మూడు వైపులా వరిచేలు, నాలుగో వైపు కాలవ. ఆసాముల పిల్లలు అప్పటికే రిక్షాలెక్కి పక్కూరి కాన్వెంటుకి వెళ్ళిపోతున్నారు. మా దగ్గరికి వచ్చేది ఆ చేలల్లో కూలికి వెళ్ళేవాళ్ళ పిల్లలే.

టీచర్లం ఇద్దరమే. హెడ్మాస్టారికి మరో నాలుగైదేళ్ళు సర్వీసు ఉంది. చేతిలో ఎప్పుడూ నల్ల గొడుగు, జేబులో పొడుం డబ్బీ. ఆయన సిద్ధాంతం ఒక్కటే, పిల్లలు నోరు తెరవాలి. మధ్యాహ్నం మూడింటికి అందర్నీ వరండాలో వరుసగా నిలబెట్టి చెప్పించేవారు. చిన్నపిల్లలకి ఒకటి నుంచి వంద దాకా ఒంట్లు, పెద్దవాళ్ళకి ఎక్కాలు. ఒక పిల్ల ముందు నిలబడి చెబుతుంటే మిగతా వాళ్ళు అందుకునేవాళ్ళు. ఆ అరగంటా మా బడి నాలుగు చేల అవతలికి వినపడేది.

ఒంట్లు చెప్పించే పిల్ల నా తరగతిదే. మనిషి చూస్తే ఇంత, గొంతు మాత్రం మూరెడు. రెండు జడలూ ఎర్ర రిబ్బన్లతో మడిచి కట్టుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, ఎక్కడా తడుముకోకుండా వంద దాకా చెప్పేది. వాళ్ళమ్మ చేలో పనిచేస్తుందని తెలుసుగానీ అంతకు మించి నేను పట్టించుకోలేదు.

ఆ వేసవిలో మాకు బందరులో పది రోజులు శిక్షణ పెట్టారు. పిల్లలు విని కాదు, చేసి నేర్చుకోవాలని చెప్పారు. ఆ మాట నన్ను గట్టిగా పట్టుకుంది. నేను సహజంగా మొండిదాన్ని. పట్టుకున్నది వదలను, వదిలినదాని వైపు తిరిగి చూడను. బళ్ళు తెరవగానే పిల్లలందరి చేతా తలా ఒక దోసెడు చింతపిక్కలు తెప్పించి, ఖాళీ పాలడబ్బాల్లో పోయించాను.

రెండో తరగతికి వచ్చిన ఆ గొంతు పిల్లని మొట్టమొదట పిలిచి, తొమ్మిది పిక్కలు నా చేతిలో పెట్టమన్నాను. ఆ పిల్ల ఒకటి రెండు మూడు అని గబగబా తొమ్మిది దాకా అనేసి, రెండు గుప్పిళ్ళ నిండా తీసి నా చేతిలో పోసింది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అంతే. వంద దాకా చెప్పగలిగిన పిల్లకి తొమ్మిదంటే ఎన్నో తెలియదు. మిగతా వాళ్ళని అడిగితే ఇంకా అన్యాయం. పోయినేడంతా నేను ఏం చెప్పినట్టు అని ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటలో ఒక నిర్ణయం తీసుకున్నాను. మూడింటికి నా పిల్లలు వరండాలోకి రారని హెడ్మాస్టారికి చెప్పేశాను. ఆయన పొడుం పీల్చి, నీ గది నీ ఇష్టం అమ్మా అన్నారు. ఆ రోజు నుంచి ఆయన పెద్దపిల్లలతో వరండాలో ఎక్కాలు చెప్పించుకునేవారు. లోపల నా గదిలో పిల్లలు తలలు వంచుకుని పిక్కలు పేర్చేవాళ్ళు, పుల్లలు లెక్కపెట్టేవాళ్ళు, మట్టితో అంకెలు చేసేవాళ్ళు. గది నిశ్శబ్దంగా ఉండేది. ఆ నిశ్శబ్దం చూసి నేను మురిసిపోయాను.

పది రోజులు ఆ పిల్ల దిక్కులు చూసింది. తర్వాత అందుకుంది. పదేసి ఈనెపుల్లల్ని కట్టలు కట్టమంటే మిగతావాళ్ళు రబ్బరు బ్యాండ్ల కోసం కొట్టుకుంటున్నారు. ఆ పిల్ల బయటికెళ్ళి రెండు గడ్డిపోచలు తెచ్చి, వాళ్ళమ్మ నారు కట్టలు కట్టినట్టే ఒక్క మెలికతో బిగించేసింది. జులై దాటేసరికి, నాలుగు కట్టలూ ఆరు పుల్లలూ అంటే నలభై ఆరు అని చూడగానే చెప్పేది. నేను గెలిచాననుకున్నాను.

నాట్లు అయిపోయి కలుపులు మొదలయ్యాక ఒక సోమవారం ఆ పిల్ల బడికి రాలేదు. మంగళవారమూ రాలేదు. మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ పొడుగు మనిషి, మాట తక్కువ. అరుగు మీద చాప వేసి నన్ను కూర్చోబెట్టి, తను నిలబడే ఉంది. తమ్ముడికి నడక వచ్చిందని, చేను పక్కనే కాలవ ఉందని, వాణ్ణి కనిపెట్టుకుని ఉండటానికి మనిషి కావాలని చెప్పింది. కలుపులు అయ్యాక పంపుతావా అని అడిగాను. చూత్తానండీ అంది. ఆ మాట ఎంత దూరం వెళ్తుందో ఆ ఊళ్ళో రెండేళ్ళుగా పనిచేస్తున్న నాకు తెలుసు. కలుపుల తర్వాత కోతలు, కోతల తర్వాత మినుము తీతలు. ఒకసారి గట్టెక్కి కూర్చున్న ఆడపిల్ల మళ్ళీ బడి మెట్లెక్కడం నేను పెద్దగా చూడలేదు.

ఈ తల్లులకి నా బోధన కళ్ళకి కట్టినట్టు చూపిస్తే సరిపోతుందనుకున్నాను. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళందరూ తీరిగ్గా ఉంటారని, ఆ రోజు బళ్ళో పిల్లల పనితనం ప్రదర్శనకి పెట్టాను. బంకమట్టితో చేసిన ఎద్దులు, పడవలు, కుండలు, ఒక బాతుల మంద. బల్లల మీద తెల్ల కాగితాలు పరిచి, చక్కగా వరస పెట్టాను. తెల్లచీరల్లో పదిహేనుమంది దాకా వచ్చారు. మర్యాదగా అన్నీ చూశారు. చివరికి ఒక ముసలమ్మ నోరు విప్పింది.

“ఈ ఎద్దుల్ని మావోడు మూడేళ్ళప్పట్నించీ చేత్తన్నాడండీ. ఇవి నేర్పటానికి మీరు బందరు నించి ఇంత దూరం రావాలా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు మొహం పెట్టాను. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఆ పిల్లలు కాలవ ఒడ్డున పుట్టినవాళ్ళు, మట్టితో ఎద్దు చేయడం నాకే వాళ్ళు నేర్పాలి. బడి మానేసిన ఆ పిల్ల తల్లి అందరికీ వెనకాల, గుమ్మం దగ్గర కొడుకుని చంకనేసుకుని నిలబడి ఉంది. దేన్నీ ముట్టుకోలేదు. వెళ్ళేముందు ఒకే ఒక్క మాట అడిగింది, ఒంట్లు ఎప్పుడు చెప్పిస్తారండీ అని. నేను ఊరుకోవచ్చుగా. శిక్షణలో విన్నదంతా గుర్తు చేసుకుని, బట్టీ వల్ల నష్టమేమిటో పది నిమిషాలు వివరించాను. ఆమె ఓపిగ్గా విని, వెళ్ళొత్తానండీ అని వెళ్ళిపోయింది.

మర్నాడు హెడ్మాస్టారు ప్రదర్శన ఎలా జరిగిందని అడిగి, నా మొహం చూసి ఇక వివరాలు అడగలేదు. “నీ గది వినపడటం లేదమ్మా” అని మాత్రం అన్నారు. నాకు కోపం వచ్చింది. బడి వినపడటానికా, చదువు రావటానికా అని ఎదురు అడిగాను. ఆయన గొడుగు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు.

అప్పటికి బందరు దగ్గర బడికి మార్చమని దరఖాస్తు రాసి నా సంచిలో పెట్టుకుని ఉన్నాను. ఆ సాయంత్రం బస్సులో దాన్ని తీసి నాలుగు ముక్కలు చేశాను. ఆ పిల్ల మళ్ళీ బడిలో కూర్చునే దాకా ఈ ఊరు వదలనని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయి. బాధకో, ముసలమ్మ మాటకో ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత రోజూ పొద్దున బడికి వస్తూ గట్టు మీద ఆగేదాన్ని. తుమ్మచెట్టు కింద ఆ పిల్ల తమ్ముణ్ణి కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని ఉండేది. వాళ్ళమ్మ మరో ఐదుగురితో పాటు చేలో వంగి కలుపు తీస్తుండేది. ఎప్పుడు పంపుతావమ్మా అని గట్టు మీద నుంచే అడిగేదాన్ని. చూత్తానండీ అని చేలోంచే జవాబు వచ్చేది. తొమ్మిదో రోజుకి మిగతా ఆడవాళ్ళు నన్ను చూడగానే నవ్వుకోవడం మొదలుపెట్టారు. నేను మానలేదు.

ఒక రోజు క్లాసులో మాటల మధ్య, చేలకి కాలవ నీళ్ళు వదిలే తూము బడి నుంచి ఎంత దూరం అని అడిగాను. చాలా దూరమని ఒకళ్ళు, కొంచెమేనని ఒకళ్ళు. అయితే కొలుద్దాం పదండి అన్నాను. నిజం చెప్పాలంటే దూరం సంగతి నాకు అక్కర్లేదు. ఆ దారి ఆ పిల్ల కూర్చునే తుమ్మచెట్టు పక్కనుంచే వెళ్తుంది. తోటిపిల్లల్ని చూస్తే దాని మనసు లాగుతుందని, అది ఏడిస్తే తల్లి మెత్తబడుతుందని నా లెక్క. అది నా తెలివి.

పిల్లల్ని కాలవ గట్టు మీదికి తీసుకెళ్తానంటే హెడ్మాస్టారు ఒప్పుకోలేదు. నేను వినలేదు. చివరికి ఆయనే గొడుగు పట్టుకుని వచ్చి, కాలవకీ పిల్లలకీ మధ్యన నడవడం మొదలుపెట్టారు. ఎవరు జారినా ముందు తనని తోసుకునే జారాలని చెప్పారు. పెద్దపిల్లలకి ఎక్కాలు రాసుకోమని పని ఇచ్చి వచ్చారు.

పద్ధతి ఇది. ఒక పిల్లవాడు సమంగా అడుగులు వేస్తాడు. పది అడుగులు కాగానే అందరూ పది అని అరుస్తారు. డబ్బా పట్టుకున్న పిల్ల అందులో ఒక చింతపిక్క వేస్తుంది. మళ్ళీ ఒకటి నుంచి మొదలు. అలా అరుచుకుంటూ తుమ్మచెట్టు దగ్గరికి వచ్చాం. ఆ పిల్ల లేవలేదు, ఏడవలేదు, మమ్మల్ని చూసీ చూడనట్టు కింద మట్టిలో ఏదో చేసుకుంటోంది. చేలోని ఆడవాళ్ళు తలెత్తి ఓసారి చూసి మళ్ళీ వంగారు. నా పథకం పారలేదని అర్థమై నీరసంగా ముందుకు నడిచాను. తూము అక్కడికి నాలుగు బారలే.

తూము దగ్గర డబ్బా బోర్లించి లెక్కపెడితే ఇరవై రెండు పిక్కలు. కాదు, ఇరవై నాలుగు సార్లు అరిచామని ఒకడు. ఇరవై ఒకటేనని ఇంకొకడు. అందరూ నా వైపు చూశారు. దారిలో కాలవ వైపు పోతున్న ఒక పిల్లవాణ్ణి రెక్క పట్టుకుని లాగుతూ నేను లెక్క ఎక్కడో వదిలేశాను. హెడ్మాస్టారి వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూశారు.

“ఇరవై మూడు.”

తుమ్మచెట్టు కింద నుంచి వచ్చిందా గొంతు. పోయినేడు వరండాలో విన్న గొంతే. చేలో ఆరుగురూ ఒక్కసారి నడుం ఎత్తారు.

నీకెలా తెలుసని అక్కడి పిల్లలు పోట్లాటకి దిగారు. మీరు పది అన్నప్పుడల్లా ఒక ఉండ పెట్టానని ఆ పిల్ల జవాబు చెప్పింది. నేను వెళ్ళి చూశాను. చెట్టు కింద తడిమట్టితో రేగుపండంత ఉండలు, పదేసి చొప్పున రెండు వరసలు, పక్కన మూడు. తమ్ముడు ఒకదాన్ని తొక్కాడని, దాన్ని మళ్ళీ చేశానని కూడా చెప్పింది. ఇంతలో డబ్బా పట్టుకున్న పిల్ల రెండో గుప్పిట విప్పి చూసుకుని బిక్కమొహం వేసింది. అందులో ఒక పిక్క ఉండిపోయింది.

వాళ్ళమ్మ మోకాళ్ళ దాకా బురదతో గట్టెక్కి వచ్చింది. ఆ ఉండల్ని చాలాసేపు చూసింది. ఇది నీకెవరు నేర్పారే అని కూతుర్ని అడిగింది. పిల్ల నా వైపు చూపించింది. అప్పుడు ఆ తల్లి, అన్ని రోజుల్లో మొదటిసారి, నాతో నాలుగు మాటలు వరసగా మాట్లాడింది.

“పోయినేడు మూడింటికి దీని గొంతు ఈ చేలోకి వచ్చేదండీ. అదుగో మీ పిల్ల అనేవోళ్ళు అందరూ. నడుం ఎత్తి కాసేపు నిలబడేదాన్ని. ఈయేడు నాట్లప్పుడు రోజూ చెవి వొగ్గి ఉన్నానండీ. పెద్దపిల్లల గొంతులే వచ్చాయి గానీ దీనిది రాలేదు. మా పిల్లని ముందు నిలబెట్టటం ఇష్టంలేక మూల కూకోబెట్టేశారనుకున్నాను. మూల కూకునేదానికి బడెందుకని మానిపించాను.”

నాకు సిగ్గేసింది. ఆ చేలో నిలబడి వినేవాళ్ళుంటారని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. చేసి నేర్చుకోవాలన్న నా మాటలో తప్పు లేదు, దాన్ని ఇప్పటికీ వదలను. కానీ ఆమెకి రోజంతటి మీదా ఉన్నది ఆ ఒక్క అరగంట. దాన్ని నేను అడగకుండా, చెప్పకుండా తీసేసుకున్నాను. ఆదివారం నాడు ఒంట్లు ఎప్పుడు చెప్పిస్తారని ఆమె అడిగింది కూడా. నేను జవాబుగా ఉపన్యాసం ఇచ్చాను.

తప్పు నాదేనని ఆమెతో అక్కడే చెప్పాను. హెడ్మాస్టారూ, పిల్లలూ, చేలో ఐదుగురూ వింటుండగానే చెప్పాను. చెప్పి, “రేపు మూడింటికి వినపడుతుందమ్మా. పిల్లాణ్ణి కూడా పంపు, కాలవ భయం ఉండదు” అన్నాను. ఆమె హెడ్మాస్టారి వైపు చూసింది. పసివాణ్ణి బడిలో పెట్టుకోకూడదని నిబంధనలు వల్లిస్తారేమోనని భయపడ్డాను. ఆయన గొడుగు మడుస్తూ, “మూత్రం పోస్తే మీ టీచరుగారే కడగాలి” అన్నారు. ఆమె మొదటిసారి నవ్వింది.

తిరిగి వస్తుంటే, వినపడటం లేదని చెప్పానుగా అమ్మా అన్నారు ఆయన. ఎవరికి వినపడటం లేదో చెప్పలేదుగా మాస్టారూ అన్నాను. నువ్వు అడగలేదుగా అన్నారు. అదీ నిజమే.

మర్నాడు అక్కా తమ్ముడూ ఇద్దరూ వచ్చారు. ఆ ఏడాది పొడుగునా రిజిస్టరులో లేని ఆ విద్యార్థి ఎక్కువ సేపు హెడ్మాస్టారి ఒళ్ళోనే గడిపాడు. ఒకసారి పొడుం డబ్బీ మూత తీసి బడంతా తుమ్మించాడు కూడా. అది వేరే కథ.

మూడింటికి నా పిల్లల్ని మళ్ళీ వరండాలోకి తీసుకొచ్చాను. అయితే ఉత్త నోళ్ళతో కాదు. ఒక్కొక్కరి ముందూ పిక్కల కుప్ప, పక్కన ఖాళీ డబ్బా. పిక్క డబ్బాలో పడ్డాకే అంకె నోట్లోంచి రావాలి, అంతకు ముందు రాకూడదు. ఆ పిల్ల ముందు నిలబడి, బల్ల మీద పెట్టిన పెద్ద డబ్బాలో పిక్క వేసి ఒకటి అంది. అందరూ వేసి ఒకటి అన్నారు. పాత పరుగు లేదు. నిదానంగా, టంగు టంగుమని రేకు మోగుతూ సాగింది. ఆ నిదానానికి హెడ్మాస్టారు మొదట్లో విసుక్కున్నారు, తర్వాత ఆయనే కాలితో తాళం వేశారు. వంద దగ్గర పిల్ల ఆగి నా వైపు చూసింది. అక్కడి నుంచి దానికి రాదు. నూట ఒకటి అని అందించాను. దానికి అర్థమైపోయింది, ఇక నా అవసరం లేకుండా చెప్పుకుంటూ పోయింది. డబ్బాలో పిక్కలు అయిపోయేదాకా ఆపలేదు.

అమ్మాయిలూ, మీ అట్టముక్కలు, పూసలచట్రాలు మంచివే. పిల్లల చేతికివ్వండి, విరగ్గొట్టినా ఇవ్వండి. పై అధికారి వద్దన్నా ఇవ్వండి. కానీ పాత పద్ధతి ఏదైనా మానిపించే ముందు, అది ఎవరి దాకా వెళ్తోందో ఒకసారి బయటికి వెళ్ళి చూసి రండి. నేను అక్కడి నుంచి గుడివాడ వెళ్ళాను, ఇంకా మూడు బళ్ళు మారాను. ప్రతి చోటా మొదటి వారం బడి బయట నిలబడి విన్నాను.

ఒంట్లు మళ్ళీ మొదలుపెట్టిన ఆ రోజు సాయంత్రం బడి వదిలాక ఆ తల్లి వచ్చింది. కాలవలో కాళ్ళూ చేతులూ కడుక్కుని, కొడుకుని తీసుకెళ్ళడానికి వచ్చింది. హెడ్మాస్టారి ఒళ్ళో నిద్రపోతున్న వాణ్ణి భుజానికెత్తుకుని కూడా కదలలేదు. ఏమిటమ్మా అని అడిగాను.

“నూట పన్నెండు దాకా ఇనపడిందండీ. అదో అంకె అన్నప్పుడల్లా నేనో కలుపు మొక్క లాగాను. ఆ తర్వాత గాలి తిరిగిపోయింది. అక్కణ్ణించి ఎందాకా వెళ్ళిందండీ?”

నాకు చెప్పాలనిపించలేదు. లోపల పలకలు సర్దుతున్న ఆ పిల్లని పిలిచి, మీ అమ్మ అడుగుతోంది, నువ్వే చెప్పు అన్నాను. పిల్ల వెళ్ళి పెద్ద డబ్బా మోసుకొచ్చి పిక్కలన్నీ వరండాలో కుప్పగా పోసింది. వాళ్ళమ్మని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, ఖాళీ డబ్బా ఆమె ముందు పెట్టి, నూట పదమూడు నుంచి నువ్వు వెయ్యి, నేనంటాను అంది. ఆమె కొడుకుని ఒళ్ళోకి మార్చుకుంది. కడుక్కుని వచ్చిన చేతినే మళ్ళీ ఒకసారి చీరకి తుడుచుకుని, కుప్పలోంచి ఒక పిక్క తీసింది.